రిహార్సల్‌కీ రిహార్సల్‌కీ మధ్య: కోయిర్ పార్ట్ ఇంట్లో ఎలా సాధన చేయాలి

కోయిర్‌లో (బృందగానంలో) పక్కవాళ్ల గొంతు వింటూ పాడుతుంటే మన పార్ట్ (పైనుంచి కిందికి సోప్రానో, ఆల్టో, టెనార్, బాస్ అనే నాలుగు గొంతుల్లో మన వంతు లైను) మనకు వచ్చేసినట్టే అనిపిస్తుంది. నిజంగా వచ్చిందో లేదో ఆ పక్కవాళ్లు రాని రోజున తేలుతుంది. అందుకే ఇంటి సాధన అంటే పాటను మొదటినుంచి చివరిదాకా నాలుగుసార్లు పాడుకోవడం కాదు. మన లైను ఎవరి ఆసరా లేకుండా నిలబడేలా చేసుకోవడం. రోజుకు 20 నిమిషాలు చాలు. వారానికి ఒకేసారి రెండు గంటలు కూర్చుంటే గొంతు అలసిపోతుంది, పైగా మళ్లీ కూర్చునే వేళకు సగం మర్చిపోతాం.

స్కోరు (పాట స్వరాలు రాసిన కాగితం), పెన్సిల్, ఫోన్‌లో మెట్రోనోమ్ (బీట్ కొట్టే యాప్), రికార్డర్, ఒక చిన్న కీబోర్డు లేదా కీబోర్డు యాప్ ఉంటే సరిపోతుంది. స్కోరు మీద పెన్ను వాడకండి. ఊపిరి తీసుకునే చోట్లు డైరెక్టర్ మారుస్తూనే ఉంటారు.

మొదటి 5 నిమిషాలు గొంతుకు ఇవ్వండి. పెదవులు మూసి ‘మ్’ అంటూ, హాయిగా పలికే స్వరం నుంచి ఐదు స్వరాలు ఎక్కి దిగండి. ప్రతిసారీ ఒక సెమీటోన్ (కీబోర్డు మీద పక్క మీటకున్నంత దూరం) పెంచండి. సన్నటి స్ట్రా పెదవుల మధ్య పెట్టుకుని అందులోకి అదే వరుస పలికినా మంచిదే. దవడో మెడో బిగుసుకుంటే అక్కడితో ఆపండి. గొంతు బొంగురుపోయిన రోజు పాడవద్దు, గుసగుసలు కూడా వద్దు. ఆ రోజు తాళం, థియరీ చూసుకోండి.

ముందు డో ఎక్కడుందో చూడండి

స్కోరు తెరవగానే కీ సిగ్నేచర్ (లైను మొదట్లో ఉండే షార్ప్ ♯ లేదా ఫ్లాట్ ♭ గుర్తులు) చూసి డో పట్టుకోవడం అలవాటు కావాలి. డో రే మి ఫా సో లా టి వరుసలో మొదటి స్వరం డో, మన ‘స’ లాంటిది. షార్పులుంటే చివరి షార్ప్ ‘టి’, దానికి ఒక సెమీటోన్ పైన డో. రెండు షార్పులుంటే చివరిది సి షార్ప్, కాబట్టి డో అంటే డి. ఫ్లాట్లుంటే చివరి ఫ్లాట్ ‘ఫా’. రెండు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే చివరి నుంచి రెండో ఫ్లాటే డో. ఒక్క ఫ్లాట్ ఉంటే డో ఎఫ్ అని గుర్తుంచుకోండి. ఇదే సిగ్నేచర్ ‘లా’ ఆధారంగా నడిచే మైనర్ వరుసకూ వస్తుంది, అప్పుడు పాట ‘లా’ మీద ఆగుతుంది. చివరి బార్‌లో (నిలువు గీతల మధ్య ఉండే గడిలో) బాస్ ఏ స్వరం మీద నిలిచిందో చూస్తే సాధారణంగా తెలిసిపోతుంది.

శంకరాభరణం స్వరాలు తెలిసినవాళ్లకు డో రే మి కొత్తేమీ కాదు, ఆ మెట్లే ఇవి. గ–మ, ని–స మధ్య దూరం తక్కువ ఉన్నట్టే మి–ఫా, టి–డో మధ్య ఒక్క సెమీటోనే ఉంటుంది. కోయిర్ శృతి తప్పేది ఎక్కువగా ఈ రెండు చోట్లే.

తాళం విడిగా, స్వరం విడిగా

పాడకుండా మాటలను మాత్రం తాళంలో చదవండి, చేత్తో బీట్ వేయండి. స్కోరు మీద వేగం 96 (నిమిషానికి 96 బీట్లు) అని ఉంటే మెట్రోనోమ్‌ను 60 దగ్గర పెట్టండి. వరుసగా మూడుసార్లు తప్పు లేకుండా వస్తే 4 పెంచండి. అందరూ తప్పేది వేగంగా నడిచే బార్లలో అనుకుంటాం గానీ, పొడవు స్వరాల దగ్గర జరిగే తప్పులు తక్కువేమీ కాదు. నాలుగు బీట్ల స్వరాన్ని మూడున్నరకే వదిలేస్తాం. మనసులో ‘1, 2, 3, 4’ లెక్కపెట్టి, తర్వాతి ‘1’ మీద వదలండి.

ఇక స్వరం. ఎఫ్ మేజర్‌లో (డో ఎఫ్ అయినప్పుడు) ఆల్టోకు ఇలాంటి లైను వచ్చిందనుకుందాం: మి మి మి ఫా | మి రే డో టి | డో. చూడటానికి తేలిక. కానీ మూడు ‘మి’లు వరుసగా పలికేసరికి మూడోది మొదటిదానికంటే కొంచెం దిగుతుంది. ఒకే స్వరాన్ని మళ్లీ మళ్లీ పలికేటప్పుడు ఊపిరి ఒత్తిడి సడలడం ఇందుకు ఒక కారణం. ప్రతి ‘మి’నీ కొత్తగా పలుకుతున్నట్టు పాడండి. తర్వాత డో నుంచి టికి దిగేటప్పుడు అడుగు పెద్దదవుతుంది. టి కిందికి పోతే తిరిగొచ్చే డో కూడా కిందనే దొరుకుతుంది. దిగే సెమీటోన్ ఎప్పుడూ చిన్నదని గుర్తు పెట్టుకోండి. తంబురా యాప్‌ను ఎఫ్‌కు పెట్టి, దాని మీద డో–టి–డో మాత్రమే పదిసార్లు నెమ్మదిగా పాడండి. చివరి డో తంబురాలో కలిసిపోవాలి. ఆ తర్వాత లైను మొత్తం పాడి, కీబోర్డు మీద ఎఫ్ వాయించి సరిచూసుకోండి. పాడుతూ ఉండగా వాయించకండి, వాయిద్యం మీ తప్పును కప్పేస్తుంది.

ప్రాక్టీస్ ట్రాక్ విషయంలోనూ అంతే. దానితోపాటు పాడుతుంటే తెలియకుండానే వెంట్రుకవాసి వెనక నడుస్తాం. ఒకసారి వినండి, ఆపండి, ట్రాక్ లేకుండా పాడండి, మళ్లీ వినండి.

మీ పార్ట్ ఒంటరిగా నిలబడ్డాక అసలు పరీక్ష మొదలవుతుంది. సోప్రానో లైను కీబోర్డు మీద వాయించి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. అది మోగుతుండగా మీ ఆల్టో పాడండి. సోప్రానో వైపు జారిపోతుంటే రెండు పార్టులూ దగ్గరగా వచ్చిన బార్ ఎక్కడో వెతకండి. సాధారణంగా మన జారుడు అక్కడే మొదలవుతుంది. ఆ బార్ ఒక్కటే ‘ఊ’ మీద, మాటలు లేకుండా పాడండి. తర్వాత బాస్‌తో ఇదే పని చేయండి. బాస్ మీద నిలబడటం నేర్చుకున్న గొంతు త్వరగా చెదరదు.

విరామం తర్వాత మళ్లీ ఎత్తుకునే స్వరం చాలామందికి భయం. దానికి మంచి ఉపాయం ఉంది: మీరు మొదలుపెట్టే స్వరాన్ని కాస్త ముందు వేరే పార్ట్ ఎవరైనా పలికారేమో స్కోరులో చూడండి. టెనార్ పలికి ఉంటే ఆ స్వరానికి సున్నా చుట్టి, అక్కడి నుంచి మీ స్వరానికి పెన్సిల్‌తో గీత గీయండి. టెనార్ లైను చూసేటప్పుడు మాత్రం ట్రెబుల్ క్లెఫ్ (లైను మొదట్లో ఉండే మెలిక గుర్తు) కింద 8 అంకె ఉందేమో గమనించండి. ఉంటే రాసినదానికంటే ఒక స్థాయి కింద పలుకుతుంది.

థియరీకి చివరి 5 నిమిషాలు. ఒక బార్‌లో నాలుగు పార్టుల స్వరాలు రాసుకుని, కార్డ్‌లో (కలిసి మోగే స్వరాల్లో) మీది రూటా (ఆధార స్వరం), థర్డా (దాని నుంచి లెక్కిస్తే మూడోది), ఫిఫ్తా (ఐదోది) తేల్చుకోండి. మేజర్ కార్డ్‌లో మీది థర్డ్ అయితే జాగ్రత్త: పియానో మీది మేజర్ థర్డ్, స్వచ్ఛంగా మోగే థర్డ్ కంటే దాదాపు 14 సెంట్లు ఎక్కువ (ఒక సెమీటోన్ 100 సెంట్లు). వాయిద్యం లేకుండా పాడేటప్పుడు కార్డ్ నిశ్చలంగా మోగేది కాస్త కింద. దీన్ని ఇంట్లో పియానోతో నేర్చుకోలేరు. తంబురా మీద డో పెట్టి ‘మి’ని నెమ్మదిగా కదిలిస్తూ, స్వరాల మధ్య అలలాంటి కొట్టుకోవడం ఆగిన చోటు వెతకండి.

మాటలు

అచ్చు బీట్ మీద పడాలి, హల్లు దానికి ముందే రావాలి. ఇంగ్లీష్ పాటల్లో మన తెలుగు నాలుకకు ఒక అలవాటు అడ్డొస్తుంది. హల్లుతో ముగిసే మాటకు చివర ‘ఉ’ చేర్చి లైట్‌ను ‘లైటు’ చేస్తాం. ఒక్కరు అలా పలికినా కోయిర్ మొత్తానికి ఒక అక్షరం అదనంగా వినిపిస్తుంది. పాటలో ప్రతి చివరి హల్లు కింద గీత గీసి, అది ఏ బీట్ మీద ముగియాలో అంకె వేసుకోండి. ‘లైట్’ లాంటి మాటలో ‘ఆ’ భాగాన్నే స్వరం పొడవునా నిలిపి, ‘ఇ’ని చివర్లో ‘ట్’తో కలిపి వదలండి.

రిహార్సల్ ముందురోజు ఒక్కసారి మాత్రం రికార్డు చేసి, స్కోరు చూస్తూ వినండి. తప్పిన బార్ల నంబర్లు మార్జిన్‌లో రాసుకోండి. అన్నీ సరిదిద్దాలని ఆ రాత్రి గొంతు అరగదీయకండి. ఎందుకు తప్పుతోందో అర్థం కాని ఒకటి రెండు బార్లు డైరెక్టర్‌ను అడగడానికి ఉంచుకోండి. ‘37వ బార్‌లో టెనార్ నుంచి స్వరం అందడం లేదు’ అని నంబరుతో అడిగితే, ఆయన ఆ రెండు పార్టులను మాత్రమే పాడించి నిమిషంలో తేల్చేస్తారు.