బానెట్ ఎత్తకముందే తేల్చుకోవాల్సినవి

పోయిన మే నెలలో ఒంగోలు నుంచి నెల్లూరు వస్తున్నాం. టంగుటూరు టోల్ గేట్ దగ్గర క్యూలో ఆగామో లేదో ఏసీ వేడి గాలి కొట్టడం మొదలుపెట్టింది. టోల్ దాటి బండి ఎనభైలో పడగానే మళ్ళీ చల్లబడింది. కావలి దగ్గర హైవే పక్కన ఒక షెడ్డులో ఆపితే, అతను బానెట్ ఎత్తి ఎక్కడా చెయ్యి కూడా పెట్టకుండానే "కంప్రెసర్ పోయింది సార్, ఇరవై రెండు వేలవుద్ది, సాయంత్రానికి ఇచ్చేస్తా" అన్నాడు. ఆ ఎండకి, వెనక సీట్లో పిల్లల ఏడుపుకి నేను సరే అనేసేవాడినే. మా మావయ్య మాత్రం "ఊరికి పోయినాక చూసుకుందాం, పదబ్బాయ్" అని తేల్చేశాడు. నెల్లూరులో తెలిసిన కుర్రాడి దగ్గరికి తీసుకెళ్తే, ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ ముందుండే ఫ్యాను తిరగడం లేదని రెండు నిమిషాల్లో పట్టాడు. పోయింది రిలే, అంటే ఫ్యానుకి కరెంటు ఇచ్చే చిన్న స్విచ్చు. రిలే మూడొందల యాభై, లేబర్ రెండొందలు. బండి పరిగెడితే ఎదురుగాలే ఫ్యాను పని చేసేసింది. గ్యాసుని తిప్పే కంప్రెసరే పోయుంటే బండి పరిగెత్తినా చల్లబడకూడదు కదా, ఆ మాత్రం ఆలోచన ఆ టైములో నాకు రాలేదు.

అందుకే చెప్తున్నా, షెడ్డుకెళ్ళాక జబ్బు లక్షణం చెప్పండి, జబ్బు పేరు మీరు చెప్పకండి. "క్లచ్ ప్లేట్ పోయినట్టుంది" అంటే వాళ్ళు క్లచ్ ప్లేటే మారుస్తారు, తర్వాత అడిగితే మీరే కదా చెప్పారు అంటారు. అలా కాకుండా "మూడో గేర్లో ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తోంది గానీ బండి ముందుకు లాగట్లేదు, పొద్దున పూట బాగానే ఉంటోంది" అని, ఎప్పుడు, ఎంత వేగంలో, ఎన్నాళ్ళ నుంచి అనేవి చెప్పండి. శబ్దం వస్తుంటే ఫోన్లో రికార్డు చేసుకుని వెళ్ళండి, ఎందుకంటే మెకానిక్ ముందు ఆ శబ్దం రానే రాదు, అదేం శాపమో.

మన దగ్గర ఎక్కువ మంది మోసపోయేది ఏసీ గ్యాసు దగ్గరే. మార్చి నెలాఖరు నుంచి "గ్యాసు అయిపోయింది, కొట్టించుకోండి" అనే మాట ప్రతి షెడ్డులోనూ వినపడుద్ది. గ్యాసు పెట్రోలు కాదు అయిపోడానికి, అది మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. ఏళ్ళ తరబడి కొద్దిగా తగ్గితే తగ్గొచ్చు గానీ, ఏటేటా అయిపోతోందంటే ఎక్కడో లీకున్నట్టే. లీకు వెతక్కుండా గ్యాసు కొడితే మళ్ళీ ఎండాకాలానికి మీరు అతని దగ్గరికే రావాలి, ఆయనకి కావాల్సిందీ అదే. కాబట్టి "ముందు లీకు చూడన్నా, ఎక్కడ కారుతోందో నాకు చూపించు" అనండి. ఎన్ని గ్రాములు ఎక్కిస్తున్నాడో కూడా అడగండి. ఏ గ్యాసు, ఎన్ని గ్రాములు అనేది చాలా బండ్లకి బానెట్ కింద స్టిక్కర్ మీద రాసే ఉంటుంది. ఇంకా ముందే మీ ఇంటి దగ్గరే ఒక పని చేయొచ్చు. చాలా కార్లలో ఎడమ సీటు ముందున్న డ్యాష్‌బోర్డు అర ఊడదీస్తే దాని వెనక క్యాబిన్ ఫిల్టరు ఉంటుంది. చీమకుర్తి వైపు గ్రానైట్ లారీల వెనక తిరిగే మా తమ్ముడి బండిది తీస్తే బూడిద రంగు దుప్పటి ముక్కలా వచ్చింది, మధ్యలో ఒక ఎండిన వేపాకు కూడా. అది మార్చగానే గాలి రెట్టింపైంది. ఫిల్టరు ఖరీదు గ్యాసు ఖర్చులో సగం కూడా ఉండదు.

ఇప్పుడు అసలు సంగతి. ఒప్పుకుని చేయించుకున్న పనికి డబ్బులు కట్టేదాకా బండి ఆపుకునే హక్కు మెకానిక్‌కి చట్టమే ఇచ్చింది, 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 170వ సెక్షన్. అంటే పని అయిపోయాక మీరు ఎంత గొడవ పడినా తాళం ఆయన చేతిలోనే ఉంటుంది. మీకు బలం ఉండేదల్లా స్పానర్ పెట్టకముందే. ఏ పని, ఏ స్పేరు, అది కంపెనీదా లోకల్ మాలా, లేబర్ ఎంత, ఇవన్నీ ఆయన చేతే వాట్సాప్‌లో పెట్టించుకోండి. పెద్ద కాగితాలేం అక్కర్లేదు, నాలుగు లైన్ల మెసేజ్ చాలు. "మధ్యలో ఇంకేదైనా కనపడితే ఫోటో పెట్టు, నేను సరే అని మెసేజ్ పెట్టాకే చెయ్యి" అని కూడా అందులోనే రాయండి. ఫోన్లో సరే అనొద్దు, ఫోన్లో అన్న మాట బిల్లు దగ్గరికొచ్చేసరికి ఎవరికీ గుర్తుండదు.

బండి ఇచ్చేటప్పుడు కిలోమీటర్ల రీడింగు, పెట్రోలు ముల్లు, బ్యాటరీ మీద నంబరు, స్టెప్నీ ఫోటోలు తీసుకోండి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో తయారైందని. కొత్త స్టెప్నీ ఇచ్చి పాతది తెచ్చుకున్నవాళ్ళు నాకు ఇద్దరు తెలుసు, ఇద్దరికీ పంచరైన రోజే తెలిసింది.

మార్చిన పాత పార్టు మీదే, దాన్ని డిక్కీలో పెట్టమని ముందే చెప్పండి. ఇలా చెప్పడంలోనే సగం పని అయిపోతుంది, మార్చకుండా మార్చామని రాసేవాళ్ళు అక్కడే వెనక్కి తగ్గుతారు. కొత్తదాని అట్టపెట్టె కూడా అడగండి, దాని మీద ఎమ్మార్పీ, పార్టు నంబరు చూసి బిల్లుతో పోల్చుకోండి. బ్రేక్ ప్యాడ్లు అరిగాయంటే చక్రం ఊడదీయించి కళ్ళారా చూడండి. మందం మూడు మిల్లీమీటర్లకి వస్తే మార్చాల్సిందే, ఇంకా ఆరో ఏడో ఉంటే తొందరేం లేదు. ఇంజన్ ఆయిలు డబ్బా సీలు మీ ముందే తీయించండి. మాన్యువల్‌లో మూడున్నర లీటర్లని ఉండి బిల్లులో నాలుగు వేస్తే ఆ మిగిలిన అర లీటరు డబ్బాతో సహా ఇంటికి తెచ్చుకోండి. సిగ్గేం లేదు, డబ్బులు కట్టింది మీరు.

షోరూం సర్వీసంటే ఏం కాదులే అనుకుంటారు, అక్కడ వేరే రకం. ఇంజన్ ఫ్లష్, ఏసీ శుద్ధి, ఎలకల మందు స్ప్రే, టెఫ్లాన్ కోటింగు అంటూ సర్వీస్ అడ్వైజర్ గబగబా టిక్కులు కొట్టి సంతకం పెట్టమంటాడు. మాన్యువల్‌లో మీ కిలోమీటర్లకి ఏం చేయాలని ఉందో అది చేయించుకోండి, మిగతావి కొట్టేయమనండి. కొత్తపట్నం, మైపాడు లాంటి సముద్రం ఒడ్డు ఊళ్ళలో బండి ఉంచేవాళ్ళకి మాత్రం అడుగున తుప్పు పట్టకుండా వేసే కోటింగు దండగ కాదని నా అభిప్రాయం. చిన్న సొట్టకి "ఇన్సూరెన్సులో పెట్టేద్దాం సార్" అన్నా ఆగండి, క్లెయిమ్ పెడితే వచ్చే ఏడు నో క్లెయిమ్ బోనస్ పోతుంది. క్లెయిమ్ లేని ఏళ్ళకి ప్రీమియంలో ఇచ్చే ఆ తగ్గింపు 20 శాతం నుంచి మొదలై 50 దాకా పెరుగుతుంది. ఏది లాభమో లెక్క వేసుకోండి, ఖాళీ క్లెయిమ్ ఫారం మీద మాత్రం సంతకం పెట్టొద్దు.

హైవే మీద పంచరు షాపుల్లో దిగి పక్కన నిలబడండి. ఒక మేకుకి వెళ్తే ఐదు పంచర్లు చూపించేవాళ్ళున్నారు. చక్రాన్ని నీళ్ళలో ముంచితేనో సబ్బునీళ్ళు పోస్తేనో బుడగ వచ్చిన చోటే పంచరు, బుడగ రానిదానికి రూపాయి కూడా ఇవ్వక్కర్లేదు. బండి అసలు కదలకుండా ఆగిపోతే దొరికిన షెడ్డుకి పోకుండా 1033కి ఫోన్ చేయండి, జాతీయ రహదారి వాళ్ళ నంబరు అది.

మనవైపు కూడా తప్పుంది, చెప్పాలి. గంటసేపు బండి కింద పడుకుని జబ్బు పట్టినవాడికి "చూసిందానికి డబ్బులేందబ్బా" అని వచ్చేస్తాం. లేబర్ దగ్గర వంద రూపాయలకి బేరమాడతాం. అతను దాన్ని స్పేర్లలో రాబట్టుకుంటాడు మరి. చూసినందుకు రెండొందలో మూడొందలో ఇచ్చేసి, ఆ తర్వాత ఇంకో చోట కూడా అడగండి, ఇలా చేస్తే మీకు మొహమాటమూ ఉండదు.

"బిల్లు లేకుండా అయితే 18 శాతం తగ్గుద్ది" అంటే ఒప్పుకోవద్దు. బిల్లు లేకపోతే గ్యారంటీ లేదు, ఫిర్యాదూ లేదు. జీఎస్టీ వేస్తే బిల్లు మీద పదిహేను అక్షరాల నంబరుండాలి, మన ఆంధ్రప్రదేశ్‌లోవి 37తో మొదలవుతాయి. అది నిజమైనదో కాదో జీఎస్టీ వెబ్‌సైట్‌లో కొట్టి చూసుకోవచ్చు. అప్పటికే మోసపోయి ఉంటే, బండి బయటికి తెచ్చుకోవడానికి డబ్బులు కట్టండి గానీ బిల్లు మీద "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి ఫోటో తీసుకోండి, నగదు కాకుండా ఫోన్ పేనో కార్డో వాడండి. తర్వాత 1915కి ఫోన్ చేయండి, వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే నెల్లూరులోనూ ఒంగోలులోనూ జిల్లా వినియోగదారుల కమిషన్లున్నాయి. కేసు రెండేళ్ళలోపు వేయాలి, మీరు కట్టిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే వేసుకోవచ్చు.

బండి తీసుకునేటప్పుడు ఏ జబ్బుతో తెచ్చారో అదే పరిస్థితిలో పెట్టి చూడండి. నేనైతే రిలే మార్చాక షెడ్డు ముందే ఎండలో ఏసీ వేసి పదిహేను నిమిషాలు కదలకుండా కూర్చున్నా. ఆ కుర్రాడు రెండుసార్లు వచ్చి అద్దం మీద తట్టి "ఇంకా ఎంతసేపన్నా?" అన్నాడు, మూడోసారి టీ పంపించాడు.