ఫ్రాన్స్‌లో చెత్త డబ్బాకి ఏ ఆఫీసుకి వెళ్ళాలి?

ఫ్రాన్స్‌లో చిన్న ఊళ్ళో ఇల్లు తీసుకున్న మనవాళ్ళు చెత్త డబ్బా కోసం ముందు మేరీకే, అంటే ఊరి మున్సిపల్ ఆఫీసుకే వెళ్తారు, కానీ 2017 నుంచి చెత్త సేకరణ బాధ్యత ఊరిది కాదండీ, పక్కపక్క ఊళ్ళు కలిసి పెట్టుకున్న ఉమ్మడి సంస్థది, దాన్ని ఇంటర్‌కమ్యునాలిటీ అంటారు. దేశంలో దాదాపు 35 వేల కమ్యూన్లు, అంటే సొంత మేరీ ఉన్న ఊళ్ళు, చాలావాటిలో వెయ్యి మంది కూడా ఉండరు, ఒక్కో ఊరు సొంతంగా లారీలు నడపాలంటే ఎక్కడ అవుతుంది? నాకైతే ఇది చాలా మంచి ఏర్పాటు అనిపిస్తుంది.

మీ ఊరు ఏ గ్రూపులో ఉందో ఊరి వెబ్‌సైట్‌లో చూడండి, లేదా మేరీలో అడగండి, చెప్తారు. సొంతిల్లైతే ఇంటిపన్ను నోటీసు తీయండి, కమ్యూన్ కాలమ్‌తో పాటు ఇంటర్‌కమ్యునాలిటీ కాలమ్ కూడా ఉంటుంది, చాలాచోట్ల చెత్త పన్ను కూడా అందులోనే వేరుగా కనబడుతుంది. డబ్బా కావాలన్నా, విరిగినా ఆ ఉమ్మడి ఆఫీసుకే రాయండి, కొన్నిచోట్ల వాళ్ళు ఈ పనిని సిండికేట్‌కి, అంటే ఇలాంటి పనుల కోసం కలిసి పెట్టుకున్న ఇంకో ప్రభుత్వ సంస్థకి అప్పగిస్తారు, అప్పుడు అక్కడికి పంపిస్తారు.

బర్త్ సర్టిఫికెట్, పెళ్ళి మాత్రం మేరీలోనే.

ఫ్రెంచ్ పౌరసత్వం వచ్చినవాళ్ళు ఇంకోటి గమనించండి, 1,000 జనాభా, ఆపైన ఉన్న ఊళ్ళలో 2014 నుంచి మున్సిపల్ బ్యాలెట్ మీదే ఉమ్మడి కౌన్సిల్‌కి వెళ్ళేవాళ్ళ పేర్లు కూడా ఉంటాయి, ఓటేసేముందు ఆ రెండో లిస్టూ తప్పకుండా చదవండి.