చూపులేని విద్యార్థికీ అందేలా సిలబస్‌ను సరిచేసిన తీరు

మా డిగ్రీ కళాశాల తెలుగు విభాగంలో ఏళ్లుగా చేతులు మారుతూ వచ్చిన సిలబస్ ఫైలు యూనికోడ్ (ప్రతి భాషలోని అక్షరాలకూ సొంత కోడ్‌లు ఇచ్చే ప్రమాణం) కాని పాత ఫాంటులో ఉండేది. తెరమీద చక్కగానే కనిపించినా, అలాంటి ఫాంటు తెలుగు అక్షరాల ఆకారాలను ఇంగ్లిషు అక్షరాల కోడ్‌లకే తగిలిస్తుంది కనుక, చూపులేని మా విద్యార్థిని ల్యాప్‌టాప్‌లోని ఎన్‌వీడీఏ (తెరమీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) దాన్ని అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలుగా చదివేది. ఏ యూనిట్‌లో ఏముందో తెలుసుకోవడానికి ఆమె ప్రతిసారీ తోటివారిని అడగవలసి రావడం నాకు చాలా బాధ కలిగించింది.

మొదట కన్వర్టర్‌తో ఫైలును యూనికోడ్‌లోకి మార్చాను. వత్తులూ సంయుక్తాక్షరాలూ అక్కడక్కడ చెదిరిపోతాయి కనుక, పాత ప్రతిని పక్కన పెట్టుకొని ప్రతి పంక్తినీ సరిచూడక తప్పదు. ఈ పనిని యంత్రానికే వదిలేయకూడదు. తర్వాత యూనిట్ల పేర్లను బోల్డు చేసి ఊరుకోకుండా వర్డ్‌లోని హెడింగ్ స్టైల్‌లో పెట్టాను. అప్పుడు ఎన్‌వీడీఏను బ్రౌజ్ మోడ్‌లో (టైపు చేయడానికి కాక చదవడానికి వాడే పద్ధతిలో) పెట్టి హెచ్ మీట నొక్కుతూ ఒక యూనిట్ నుంచి మరొకదానికి వెళ్లవచ్చు. మార్కుల పట్టికలో కలిపేసిన గడులను విడదీశాను. ఎరుపు రంగుతో మాత్రమే గుర్తించిన పాఠాల పక్కన 'తప్పనిసరి' అని రాశాను. రంగులు పోల్చుకోలేని వారికీ అది పనికొస్తుంది.

పీడీఎఫ్‌ను వర్డ్ నుంచే నేరుగా సేవ్ చేయాలి. ప్రింటు తీసి స్కాన్ చేస్తే అది బొమ్మగానే మిగులుతుంది.

పరీక్షల్లో లేఖకుని సాయాన్నీ, గంటకు 20 నిమిషాలకు తగ్గని అదనపు సమయాన్నీ ఎలా కోరాలో, ఎవరిని కలవాలో మొదటి పేజీలోనే చేర్చాను. అడగడానికి బిడియపడే పిల్లలు చాలామంది ఉంటారు. ఇప్పుడు సెమిస్టరు మొదలయ్యే ముందే ఆ విద్యార్థినికి ఫైలు పంపి, ఎక్కడైనా చదవడంలో తడబాటు వినిపిస్తే చెప్పమంటున్నాం.