కమాన్ పట్టీతో కూరగాయల కత్తి

నేను చేసిన మొదటి కత్తితో మా అమ్మ టమాటా కోయబోతే అది తెగలేదు, చితికింది. "గిది కత్తి గాదు బిడ్డా, గొడ్డలి. కట్టెలు కొట్టనీకి పెట్టుకో" అంది. వెన్ను దగ్గర 5 మి.మీ. మందం ఉంచాను మరి, అరగదీయడానికి చెయ్యి రాలేదు. కొత్తగా చేసేవాళ్లందరూ ఇక్కడే తప్పుతారని నా అనుమానం.

మాది మిర్యాలగూడ. పగలు రైస్ మిల్లుల స్పేర్లు లేత్ మీద తిప్పుతాను. ఇంటి వెనక రేకుల షెడ్డులో కత్తులు చేస్తాను. ఉక్కు కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. అద్దంకి రోడ్డు మీద తిరిగే లారీల కమాన్ పట్టీలు, అంటే చక్రాల పైన బరువు మోసే స్ప్రింగు పట్టీలు, విరిగితే పాత ఇనుము షాపుల్లో కిలోల లెక్కన దొరుకుతాయి. ఉక్కో కాదో తేల్చడానికి గ్రైండర్‌కు ఆనించి చూడండి. మామూలు ఇనుము రవ్వలు పొడుగు గీతల్లా పోతాయి. కమాన్ ఉక్కు రవ్వలు కాకరపువ్వొత్తిలా చివర్లో చిట్లుతాయి.

విరిగిన పట్టీలో కంటికి కనపడని పగుళ్లుంటాయి. విరిగిన చోటికి జానెడు దూరం వదిలి ముక్క కోయండి. ముక్కను శుభ్రం చేసి కిరోసిన్ రాసి, పొడిగుడ్డతో గట్టిగా తుడిచి, పైన సుద్దపొడి చల్లండి. పగులుంటే లోపలి కిరోసిన్ పైకొచ్చి సుద్ద మీద సన్నటి తడి గీత పడుతుంది. ఆ ముక్క మీద ఇక టైమ్ పెట్టకండి.

పట్టీని సాగగొట్టే పని నేను చేయను. పక్కూళ్లో కమ్మరి తాత కొలిమి ఉంది, ఆయన చేత 4 మి.మీ. మందానికి కొట్టించుకుంటాను. ఇంట్లోనే కొట్టుకుంటానంటే దాగలి (కింద పెట్టి కొట్టే ఇనుప దిమ్మె) కోసం రైలు పట్టా ముక్క తెచ్చుకోమని చెప్పేవాళ్లు చాలామంది. వినకండి. దొంగిలించిన రైల్వే సామాను దగ్గర ఉంటే 1966 చట్టం కింద కేసవుతుంది. కొట్టిన ముక్కను ఎర్రగా కాల్చి రాత్రంతా ఊక బూడిదలో పూడ్చిపెడితే మెత్తబడుతుంది, తెల్లారి హాక్సా బ్లేడుతో కోయొచ్చు. మా ఊళ్లో ఊక బూడిదకు కరువు లేదు.

నా కొలత: అలుగు (కోసే భాగం) 6 అంగుళాలు, వెడల్పు పిడి దగ్గర 40 మి.మీ., పిడి లోపలికి పోయే తోక 110 మి.మీ. ముందు అట్టముక్క మీద గీసి కత్తిరించి, వంటచేసే మనిషి చేతికివ్వండి. పట్టుకున్నప్పుడు వేళ్ల కణుపులు కూరగాయలు కోసే పలకకు తగిలితే వెడల్పు చాలనట్టే.

అంచుకు సరిగ్గా మధ్యగీత కావాలి. దానికో చిట్కా ఉంది. ముక్క ఎంత మందముందో అంతే సైజు డ్రిల్ బిట్టు తీసుకుని, రెండింటినీ చదును బల్ల మీద పడుకోబెట్టి, బిట్టు మొనతో అంచు పొడవునా గీయండి. మొన ఎటూ బిట్టు నడుమే ఉంటుంది కాబట్టి గీత నడుమ పడుతుంది. ఇక రెండు వైపులా ఆ గీత దాకా అరగదీయడమే. వెన్ను పిడి దగ్గర రెండున్నర మి.మీ.కు దిగి, మొనకు పోయేకొద్దీ సన్నబడాలి. పదునంచు మాత్రం ఇప్పుడే సన్నం చేయకండి, ఏటీఎం కార్డు కన్నా కాస్త మందంగా వదలండి. లేకపోతే కాల్చి ముంచినప్పుడు వంకరపోతుంది. పిడి రివెట్ల బెజ్జాలు కూడా ఇప్పుడే వేసేయాలి, తర్వాత బిట్టు దిగదు. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి. లుంగీ కట్టుకుని, భుజాన తువ్వాల వేసుకుని గ్రైండర్ దగ్గరికి రాకండి.

అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది పదును పెట్టడం, అంటే సాన పట్టడం కాదు, ఉక్కును కాల్చి నూనెలో ముంచి గట్టిపరచడం. నా కొలిమి పాత లారీ బ్రేక్ డ్రమ్ము, కింద పైపు, దానికో చిన్న బ్లోయరు. ఇస్త్రీ బండ్లవాళ్లు వాడే కట్టెబొగ్గు చాలు. తెల్లవారుజామున ఐదింటికే మొదలుపెడతాను. ఎండాకాలమని మాత్రమే కాదు, పగటి వెలుతురులో ఎర్రగా కాలిన ఉక్కు కూడా నల్లగానే కనిపించి మోసం చేస్తుంది. పాత స్పీకర్ అయస్కాంతం తీగకు కట్టి పెట్టుకోండి. సుమారు 770 డిగ్రీలు దాటితే ఉక్కు అయస్కాంతానికి అంటదు. అలా అంటని దాకా కాల్చి గాలిలో చల్లార్చడం మూడుసార్లు చేయండి, లోపలి ఒత్తిడి పోతుంది. నాలుగోసారి అయస్కాంతం వదిలేశాక రంగు ఇంకాస్త తేరే వరకు కాల్చి, నూనెలో మొన ముందుగా నిలువునా దించండి. పైకీ కిందికీ ఆడించొచ్చు, పక్కలకు ఊపకూడదు.

నూనె అంటే పామాయిలో పల్లి నూనో, చెయ్యి పెట్టి ఉంచలేనంత వేడిగా, 50 డిగ్రీల పైన. పొడుగాటి ఇనుప డబ్బాలో నాలుగైదు లీటర్లు పోసి మూత పక్కనే ఉంచుకోండి. మంట లేస్తే మూత వేయాలి, నీళ్లు మాత్రం చల్లకూడదు. నా రెండో కత్తిని సంపు నీళ్లలో ముంచాను. 'టింగ్' మని సన్నగా ఒక చప్పుడు వచ్చింది. అంచు నుంచి వెన్ను దాకా వెంట్రుకలాంటి గీత. తాతకు చూపిస్తే "నీళ్లల్ల ముంచితివా? పలగక ఏం జేస్తది?" అన్నాడు.

చల్లారాక ఆకురాయితో గీస్తే గాజు మీద జారినట్టు జారాలి. పట్టిందంటే గట్టిపడలేదని, మళ్లీ కాల్చాలి. జారితే అదే రోజు ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు, చల్లార్చి మళ్లీ రెండు గంటలు పెట్టండి. నేను మర్నాడు చూద్దామని వదిలేసిన మూడో కత్తి చేయిజారి బండల మీద పడి రెండు ముక్కలైంది. ఓవెన్ బిళ్ల మీది అంకెను నమ్మకుండా లోపల థర్మామీటరు పెట్టండి. ముందే కొంచెం తళతళలాడేలా రుద్ది ఉంచితే రంగు కనిపిస్తుంది. ఎండిన వరిగడ్డి రంగు రావాలి. నీలం తిరిగితే మెత్తబడినట్టే.

ఇక అమ్మ చెప్పిన పల్చదనం. అంచు పెళ్లిపత్రిక అట్టంత సన్నమయ్యే దాకా అరగదీయాలి. ఉత్త చేతులతోనే పట్టుకోండి, వేలికి వేడి తెలియాలి. రెండు మూడు రుద్దులకోసారి నీళ్లలో ముంచండి. అంచు నీలమైందంటే ఆ చోట పదును నిలవదు.

పిడికి పాత ఎడ్లబండి చక్రం ఆకులు వెతుకుతాను. తుమ్మకట్టె, ఏళ్ల తరబడి ఎండింది, మళ్లీ పగలదు. అరల్డైట్ పూసి ఇత్తడి వెల్డింగ్ రాడ్డు ముక్కలతో రివెట్లు కొట్టి, అవిసె నూనె పట్టిస్తే సరి. సాన పట్టేటప్పుడు వెన్ను కింద చిటికెన వేలు పట్టేంత ఎత్తు ఉంచండి. ఒకవైపు రుద్దితే అవతలి అంచున బర్రు (మడత పడిన సన్నటి గరుకు) వేలికి తగులుతుంది, అప్పుడు తిప్పండి.

ఇది స్టెయిన్‌లెస్ కాదు. మామిడికాయ, నిమ్మకాయ కోసి అలాగే వదిలేస్తే గంటలో నల్లబడుతుంది, తడిగా ఉంచితే తుప్పు పడుతుంది. తుడిచి చుక్క కొబ్బరినూనె రాయాలి.

ఆరో కత్తికి టమాటా కత్తి బరువుకే తెగింది. అమ్మ రెండ్రోజులు వాడి, మొద్దుబారిందని తెచ్చిచ్చింది. చూస్తే గ్రానైట్ గట్టు మీదే కోసిందట. ఇప్పుడు కత్తి ఎవరికిచ్చినా వేపచెక్క పలక ఒకటి కోసి దాంతోపాటే ఇస్తున్నాను. అమ్మ మాత్రం గుమ్మడికాయ వస్తే ఇప్పటికీ కత్తిపీటే వేసుకుని కూర్చుంటుంది.