ఈమెయిల్ నేర్చుకుందాం – 5వ పాఠం: ఇది పంపింది ఎవరు?

పోయిన పాఠంలో మెయిల్‌కు ఫైలు జత చేయడం నేర్చుకున్నాం. ఈసారి ఫిల్టర్ల (వచ్చిన మెయిళ్లను వాటంతటవే వేరుచేసే ఏర్పాటు) గురించి చెబుతానన్నాను గానీ, దాన్ని వచ్చే వారానికి వాయిదా వేస్తున్నాను. ఈసారి ప్రకటనల మెయిళ్లను ఎలా తగ్గించుకోవాలో చూద్దాం.

మొన్న మంగళవారం కేయూ (కాకతీయ యూనివర్సిటీ) క్రాస్‌రోడ్డు దగ్గరున్న మా నెట్ సెంటర్‌కు ఒక చెల్లె వచ్చింది. బీటెక్ అయిపోయింది, ఉద్యోగం వెతుక్కుంటోంది. "అన్నా, ఇంటర్వ్యూ మెయిల్ పంపినమంటున్నరు, నాకైతే రాలే" అంది. జీమెయిల్ తెరిస్తే, ప్రచార మెయిళ్లు చేరే ప్రమోషన్స్ ట్యాబ్‌లో చదవని మెయిళ్లు మూడు వేల పైనే ఉన్నాయి. చీరల ఆఫర్లు, లోన్ ఆఫర్లు, ఎప్పుడో ఒకసారి పిజ్జా తెప్పించుకున్న యాప్. వాటి నడుమ ఇరుక్కుని ఉంది ఆ ఇంటర్వ్యూ మెయిల్. పిలిచిన తేదీ శుక్రవారమే దాటిపోయింది. ఆ పిల్ల ఏమీ అనలేదు, ఫోన్ అట్లాగే చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఆ రాత్రే ఈ పాఠం రాయడం మొదలుపెట్టాను.

ప్రకటన కనిపించగానే విసుగ్గా దేన్నో ఒకటి నొక్కేస్తాం. అలా నొక్కకండి. ముందు పంపినవాళ్లు ఎవరో చూడండి. దాన్ని బట్టే మందు మారుతుంది.

మనకు తెలిసిన కంపెనీ అయితే, దానికి అడ్రస్ ఇచ్చింది చాలాసార్లు మనమే. హన్మకొండ చౌరస్తాలో బట్టలు కొన్నప్పుడు బిల్లు కౌంటర్లో మెయిల్ ఐడీ అడుగుతారు, చెప్పేస్తాం. యాప్‌లో ముందే టిక్ పెట్టి ఉన్న గడిని చూడకుండా ఓకే కొట్టేస్తాం. ఇలాంటి మెయిల్ తెరిస్తే పైన, పంపినవాళ్ల పేరు దగ్గరే అన్‌సబ్‌స్క్రైబ్ (ఇక పంపవద్దు) అని ఉంటుంది. అది నొక్కి, మళ్లీ అడిగినప్పుడు అవుననండి. పైన కనిపించకపోతే మెయిల్ చివరిదాకా వెళ్లండి. అక్కడ చిన్న అక్షరాల్లో, లేత రంగులో ఉంటుంది. కళ్లజోడు పెట్టుకునైనా వెతకండి, ఉంటుంది. జీమెయిల్‌కు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపే సంస్థలు ప్రచార మెయిళ్లలో ఒక్క నొక్కుతో ఆపే వీలు ఇవ్వాలనీ, అడిగిన రెండు రోజుల్లో ఆపేయాలనీ గూగుల్ 2024లో నిబంధన పెట్టింది. యాహూ కూడా అదే బాట పట్టింది. కాబట్టి నొక్కిన మర్నాడు ఇంకొకటి వస్తే టెన్షన్ పడకండి. వారం దాటినా వస్తుంటే రిపోర్ట్ స్పామ్ (ఇది అక్కర్లేని చెత్త మెయిల్ అని జీమెయిల్‌కు చెప్పడం) కొట్టండి.

రెండో రకం చాలామందికి తెలియదు. ప్రమోషన్స్ ట్యాబ్‌లో పైన మెయిల్ లాగే కనిపిస్తూ, స్పాన్సర్డ్ అని రాసి ఉండేవి అసలు మెయిళ్లు కావు. మెయిల్ ఉచితంగా ఇస్తున్న సంస్థ మనకు చూపించే ప్రకటనలు. వాటిలో అన్‌సబ్‌స్క్రైబ్ కోసం వెతికితే దొరకదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో అయితే పైన ఎడమవైపు మూడు గీతలు నొక్కి, సెట్టింగ్స్‌లో మీ అకౌంట్ ఎంచుకుని, ఇన్‌బాక్స్ కేటగిరీస్‌లో ప్రమోషన్స్ టిక్ తీసేయండి. ఆ ట్యాబే పోతుంది. కానీ ఈ పని చివర్లో చేయండి. ట్యాబ్ తీసేస్తే అందులో ఉన్న మెయిళ్లన్నీ ప్రైమరీలోకి, అంటే ముఖ్యమైన మెయిళ్లుండే మొదటి ట్యాబ్‌లోకి వచ్చి పడతాయి. ముందు కంపెనీలను తగ్గించుకోకపోతే ఉన్న తలనొప్పి రెండింతలవుతుంది.

ముక్కూ మొహం తెలియనివాళ్లు లాటరీ తగిలిందనో, పార్సిల్ ఆగిందనో పంపే మెయిళ్లు ఇంకో రకం. వీటిలో అన్‌సబ్‌స్క్రైబ్ ఉన్నా నొక్కవద్దు. ఈ అడ్రస్‌లో మనిషి ఉన్నాడని వాళ్లకు మనమే చెప్పినట్టవుతుంది, ఆ లింకు మనల్ని దొంగ పేజీకి తీసుకుపోవచ్చు కూడా. రిపోర్ట్ స్పామ్ ఒక్కటే మార్గం. స్పామ్‌లో పడ్డవి 30 రోజులకు వాటంతటవే చెరిగిపోతాయి.

"1909కి మెసేజ్ పెట్టి డీఎన్‌డీ చేయించుకున్న, అయినా మెయిళ్లు వస్తున్నయేంది?" అని ఒక రిటైర్డ్ సార్ అడిగారు. డీఎన్‌డీ (ప్రకటనలు వద్దని ఫోన్ నంబరుకు చేయించుకునే నమోదు) కాల్స్‌కూ ఎస్సెమ్మెస్‌లకే, సార్. మెయిల్‌కు దానితో సంబంధం లేదు.

బ్యాంకు లావాదేవీల మెయిళ్లు, ఎవరో మీ అకౌంట్‌లో లాగిన్ అయ్యారనే హెచ్చరికలు ప్రకటనలు కావు. వాటిని స్పామ్‌లో వేయకండి.

ఇక ఈ వారం అభ్యాసం. ప్రమోషన్స్ తెరిచి మెల్లగా కిందికి జరుపుతూ పోండి. ఏమీ ఆపకముందే, మీకోసం రాసిన ఉత్తరం ఏదైనా అందులో చిక్కుకుందేమో వెతకండి. కాలేజీ నుంచో, ఆఫీసు నుంచో వచ్చింది కనిపిస్తే తెరిచి, మూడు చుక్కలు నొక్కి, మూవ్ టు ద్వారా ప్రైమరీకి మార్చండి. ఆ తర్వాత రోజుకు ఐదు కంపెనీల చొప్పున అన్‌సబ్‌స్క్రైబ్ చేయండి. ఆ చెల్లె మా దగ్గరే కూర్చుని సాయంత్రానికి నలభై దాకా ఆపేసింది. ఆ కంపెనీకి జరిగింది జరిగినట్టు రాసి, ఇంకో తేదీ ఇవ్వమని మెయిల్ కూడా పెట్టింది. జవాబు కోసం చూస్తున్నాం.

వచ్చే వారం: ఫిల్టర్లు.