ఆఫీసు ఫోల్డర్లకు తాళాలు – 3వ పాఠం: ఒక ఫోల్డర్, రెండు తలుపులు

పోయిన పాఠంలో ఒక్కొక్కరికీ వేరే యూజర్ అకౌంట్ పెట్టాం, అదీ స్టాండర్డ్ అకౌంటే, ఆ తర్వాత తూకం, అకౌంట్స్ అని రెండు గ్రూపులు చేసుకున్నాం. అది చేయనివాళ్లు ముందు అది పూర్తి చేసి రండి. అందరూ ఒకే పాస్‌వర్డ్‌తో అడ్మిన్‌గా వస్తూ పోతూ ఉంటే ఈరోజు చెప్పేది ఏదీ నిలబడదు.

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నేను కంప్యూటర్లు చూసేవాణ్ణి. తోతాపురి సీజన్ మొదలైన వారం, గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉంటే, కాటా దగ్గరి పిల్లాడు ఫోన్ చేసి "అన్నా, ఫైలు తెరుచుకుంటా ఉంది గానీ సేవ్ కావడం లేదన్నా" అన్నాడు. నేను ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్‌కి పోయి ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇచ్చేశాను. అయినా సేవ్ కాలేదు. టెన్షన్‌లో షేరింగ్‌లో కూడా ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇచ్చాను. సేవ్ అయింది, ట్రాక్టర్లు కదిలాయి, నేను మర్చిపోయాను.

మూడు రోజులకు 'రైతు చెల్లింపులు' ఫోల్డర్ కనిపించలేదు. కౌంటర్ దగ్గర రైతులు చీటీలు పట్టుకుని నిలబడి ఉన్నారు. రెండు గంటలు వెతికితే 'గేటు ఫోటోలు' లోపల దొరికింది, ఎవరి చేతిలోనో మౌస్ జారి పక్క ఫోల్డర్‌లో పడింది. ఎవరూ తప్పు చేయలేదు, తప్పు నేను తెరిచిపెట్టిన తలుపుది. 2025 సీజన్‌లో రైతుకు ఇచ్చే తోతాపురి ధరలో కిలోకు ఫ్యాక్టరీల వాటా 8 రూపాయలు, ప్రభుత్వం వాటా 4 రూపాయలు అన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ ఫోల్డరే, ఎందుకంటే రైతుకు వచ్చే ప్రతి రూపాయీ ఆ తూకం లెక్క మీదే కదా.

అసలు జరిగింది ఇది. నెట్‌వర్క్ మీద నుంచి వచ్చేవాళ్లకు విండోస్‌లో రెండు తలుపులు ఉంటాయి. వీధి తలుపు షేరింగ్, గది తలుపు సెక్యూరిటీ. రెండూ దాటాలి, రెండిట్లో ఏది ఇరుకైతే అదే చెల్లుతుంది. అడ్వాన్స్‌డ్ షేరింగ్‌లో కొత్తగా షేర్ చేసిన ఫోల్డర్‌కి ఎవ్రీవన్ – రీడ్ అని మాత్రమే ఉంటుంది. అందుకే గది తలుపు ఎంత తెరిచినా పిల్లాడికి సేవ్ కాలేదు. ఫోల్డర్ ఉన్న కంప్యూటర్ ముందే కూర్చున్నవాళ్లకు మాత్రం వీధి తలుపు లేనే లేదు, సెక్యూరిటీ ఒక్కటే వర్తిస్తుంది.

కాబట్టి వీధి తలుపు దగ్గర పెద్దగా ఆలోచించకండి. షేరింగ్‌లో ఎవ్రీవన్‌కి చేంజ్, అంటే రాసే, చెరిపే హక్కు ఇచ్చి వదిలేయండి, ఫుల్ కంట్రోల్ వద్దు. కాపలా అంతా గది తలుపు దగ్గరే.

ఇప్పుడు గది తలుపు. డి డ్రైవ్‌లో 'సీజన్' అని ఫోల్డర్ పెట్టామనుకోండి. మామూలుగా విండోస్ 10, 11లో ఆ డ్రైవ్ నుంచి ఆథెంటికేటెడ్ యూజర్స్‌కి మోడిఫై దానంతట అదే దిగివస్తుంది, అంటే లాగిన్ అయిన ప్రతివాళ్లూ రాయొచ్చు, చెరపొచ్చు. సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్, డిజేబుల్ ఇన్హెరిటెన్స్ నొక్కండి, అంటే పైనుంచి హక్కులు దిగిరాకుండా ఆపడం. దిగివచ్చిన హక్కులను ఈ ఫోల్డర్ సొంతానికి కన్వర్ట్ చేయమంటారా, తీసేయమంటారా అని అడుగుతుంది, కన్వర్ట్ అనండి. తర్వాత ఆథెంటికేటెడ్ యూజర్స్ వరుస తీసేయండి, పాత ఎవ్రీవన్ ఉంటే అదీ. సిస్టమ్, అడ్మినిస్ట్రేటర్స్ జోలికి పోవద్దు. యూజర్స్‌కి చదివే హక్కు మాత్రం మిగులుతుంది.

ఇక 'సీజన్' లోపలి ఫోల్డర్లకు రండి. 'తూకం చీటీలు' మీద తూకం గ్రూపుకు మోడిఫై కలపండి, 'రైతు చెల్లింపులు' మీద అకౌంట్స్ గ్రూపుకు మోడిఫై. పై ఫోల్డర్‌లో తక్కువ ఇచ్చి కింద కావలసినచోట కలుపుకుంటూ పోవడమే నా పద్ధతి. పైన ఎక్కువ ఇచ్చి కింద డినై, అంటే 'వీళ్లకు వద్దు' అనే అడ్డు పెట్టి ఆపుదామని చూసేవాళ్లు చాలామంది ఉన్నారు, దయచేసి ఆ దారి పట్టకండి, ఒక మనిషి రెండు గ్రూపుల్లో ఉంటే ఆ డినై ఎక్కడ అడ్డం పడిందో వెతుక్కోవడానికే పూట గడిచిపోతుంది. జీతాల ఫోల్డర్ ఒక్కటి వేరు, అక్కడ ఇన్హెరిటెన్స్ మళ్లీ ఆపి యూజర్స్ వరుస కూడా తీసేసి, అకౌంట్స్‌కి మాత్రమే ఇవ్వండి.

మనుషుల పేర్లు ఎక్కడా రాయలేదు చూశారా? కాటా దగ్గరి పిల్లాడు సీజన్ అయ్యాక వెళ్లిపోతాడు, వచ్చే ఏడాది ఇంకొకడు వస్తాడు. అతన్ని గ్రూపులో కలిపితే చాలు, ఫోల్డర్లు ముట్టుకోనక్కర్లేదు. కలిపాక కూడా పాతమాటే చెబుతుంటే కంగారుపడకండి, ఒకసారి సైన్ అవుట్ చేసి మళ్లీ రమ్మనండి. ఎవరు ఏ గ్రూపులో ఉన్నారన్నది విండోస్ లాగిన్ అప్పుడే రాసుకుంటుంది.

ఇంటిపని: అడ్వాన్స్‌డ్‌లోనే ఎఫెక్టివ్ యాక్సెస్ అని ట్యాబ్ ఉంది. అక్కడ మీ తూకం మనిషి పేరు ఇచ్చి 'రైతు చెల్లింపులు' ఫోల్డర్ మీద డిలీట్ పక్కన ఎర్ర గుర్తు వస్తోందో లేదో చూడండి. ఆకుపచ్చ టిక్ వస్తే ఆ మనిషి ఇంకేదో గ్రూపులో ఉన్నట్టు, లేదా అడ్మిన్ అయి ఉన్నట్టు. ఆ ఫోల్డర్‌ని అతని కంప్యూటర్ నుంచి పక్క ఫోల్డర్‌లోకి లాగి కూడా చూడండి, కదలకూడదు. నాలుగో పాఠంలో, ఉద్యోగం మానేసినవాళ్ల అకౌంట్లు ఏ వరసలో మూయాలో చూద్దాం.