చైత్రంలో పిట్టలూ పూలూ చూడ్డానికి బయల్దేరే ముందు

ఆరింటికల్లా గడప దాటండి. ఎనిమిది దాటితే ఎండకు పిట్టలు గుబుర్లలోకి పోతాయి.

బైనాక్యులర్స్ 8 రెట్లవి చాలు. 12 రెట్లవి చేతి వణుకునూ పెంచి చూపిస్తాయి.

పూసిన మోదుగ, బూరుగ చెట్లు ఎక్కడున్నాయో ముందే చూసిపెట్టుకోండి. గోరింకలు, తేనెపిట్టలు అక్కడికే వస్తాయి. సూర్యుడు మీ వెనక ఉండాలి. ఎదురెండలో నిగనిగలాడే మగ తేనెపిట్ట కూడా ఉత్త నల్లపిట్టే. గోధుమరంగు మీద తెల్లచుక్కలుంటే ఆడకోయిల, కొత్త పిట్ట కాదు.

ఫోన్‌లో కూతలు వేసి పిలవొద్దు. గూడు కనిపిస్తే ఆగకండి. కాకిదైతే మరీను, నెత్తిన పొడుస్తుంది.

తేనెపట్టు ఉన్న చెట్టు కిందికి వెళ్లొద్దు, సెంటు పూసుకోవద్దు.

ఖాళీ స్థలాల్లో తెల్లపూల వయ్యారిభామను తాకకండి: దురద, కొందరికి ఆయాసం కూడా. పొడుగు చేతుల చొక్కా వేసుకోండి.